ఒకటి... జర ఆగి రెండు

"ఏయ్! బండినెందుకు తంతున్నవ్?"

లారీ కింద ఎల్లెలుకల పండుకోని పనిచేస్తున్న అమరేందర్‌కు మొదలు కనవడ్డయి రెండు కాళ్లే. రబ్బరు చెప్పులు, వాటి నిండ బురద, తడిసిన పచ్చ లంగా అంచు. ఆ కాళ్లల్ల ఒకటి లేసి, షెడ్డుల ఓ మూలకు నిలబెట్టిన తెల్ల కారు టైరును ఇంకోపారి గట్టిగ తన్నింది.

అమరేందర్ దబదబ బయటికి జారిండు. మూతి మీద గ్రీజు, చేతుల పానా. ఎదురుంగ పిల్ల. మూడు దినాల ముసురుల తడిసి వచ్చింది. గొడుగు ఉన్నది గని, కోపంల తెరువ మర్చినట్టున్నది.

"నీదా ఈ కారు?" అని అడిగింది.

"కాదు."

"మరి నీకేం నొప్పి?"

"నాది కాకున్నా నా జిమ్మెదారిల ఉన్నది. దీనికేమన్న అయితే జవాబు నేను చెప్పాలె."

ఆ పిల్ల నవ్వలే. "అన్నా, అంజయ్య సేటు కారు ఇదే కదా?"

పరాయి మొగోన్ని అన్నా అనుడు మనకాడ మర్యాదే. కాదని ఎవలంటరు? గని ఆ మాట అమరేందర్‌కు అంతకు ముందు ఎన్నడు గంత చేదు కొట్టలే.

"ఇదే. నువ్వెవరు?"

"డ్రైవర్ దుర్గయ్య బిడ్డను. అండాలు నా పేరు."

అమరేందర్ చేతుల పానా కింద పెట్టిండు. దుర్గయ్య పేరు ఆ వారం జడ్చర్ల చౌరస్తాల ఏ చాయ్ డబ్బా కాడ విన్నా వినవడుతాంది.

ముచ్చట ఇది. బాదేపల్లి మార్కెట్ కాడ పల్లినూనె మిల్లు అంజయ్యది. కార్బురేటర్ లేని కొత్త రకం కారు కొన్నడు, ఏసీది. దానికి దుర్గయ్య డ్రైవర్. అంజయ్య తల్లి గుర్వమ్మకు ఒకనాడు ఛాతిల నొప్పి లేసింది. కోడలు పక్కన కూసుంటే, దుర్గయ్య హైదరాబాద్ దవాఖానకు బండి తోలిండు. షాద్‌నగర్ ఇవతలి బాలానగర్ దాటినంక కారు టక్కున ఆగిపోయింది. సప్పుడు లేదు, పొగ లేదు. ఎంత తిప్పినా స్టార్ట్ కాదాయె. పెట్రోలుల ఏదో చెత్త పడ్డదనుకోని దుర్గయ్య లారీ ఎక్కి బంకుకు ఉరికిండు. డబ్బాల పెట్రోలు తెచ్చి పోసి తాళం తిప్పితే కారు వెంటనే స్టార్టయింది. కాని గుర్వమ్మ అప్పటికే పోయింది.

పెట్రోలు పోయంగనే స్టార్టయింది. గదే ఆయన మెడకు చుట్టుకున్నది.

మంచి పెట్రోలు తీసి అమ్ముకోని కిరసనాయిలు కలిపిండు, అందుకే ఆగింది, కొత్తది పోస్తే నడిచింది అని ఊరంతా తేల్చేసింది. శవం ముంగట అంజయ్య అందరు వింటుండంగ అన్నడు, "మా అమ్మను నువ్వే సంపినవ్ దుర్గయ్యా" అని. కారును అమరేందర్ పనిచేసే ఈ ఖాసిం సాయబు షెడ్డుకు పంపి, ట్యాంకీ ఖాళీ చేయించి కడిగిపెట్టుమన్నడు. అమ్మేస్తడంట.

"మా నాయిన అన్నం తింటలేడు. గోడకు ఒరిగి కూసుంటడు. 'నేను కలపలే' అని ఒక్కపారి చెప్పిండు, మల్ల నోరు తెరుస్తలేడు. మా నాయిన తప్పా, ఈ బండి తప్పా? నాకు గదొక్కటి చెప్పు" అన్నది అండాలు. ఏడ్వలే.

అమరేందర్ బానెట్ లేపిండు. బ్యాటరీ టర్మినల్ ఊడదీసి ఉన్నది. ఖాసిం ఉస్తాద్ షెడ్డుల అది ఖురాను మీద ఒట్టు లెక్క. ఎప్పుడో ఆయన చిన్నతనంల ఒక వ్యాను వైరు కాలి షెడ్డు మొత్తం అంటుకున్నదంట. అప్పటినుంచి ఏ బండి లోపటికొచ్చినా ముందు "బిస్మిల్లా" అని టర్మినల్ ఊడదీయాలె, తర్వాతనే పానా పట్టాలె. ఈ కారుకు గుడ వచ్చిన పూటనే అమరేందర్ తన చేతులతోని తీసిండు.

ఇప్పుడు మల్ల బిగించి, కడిగిన ట్యాంకీల ఇంత పెట్రోలు పోసి తాళం తిప్పిండు. కారు ఒక్క దెబ్బకు స్టార్టయింది.

"చూడు, మంచిగ తిరుగుతాంది."

"మరి ఆనాడెందుకు తిరగలే?"

"పాత బండైతే ఇప్పి చూసి చెప్తుంటి. ఇండ్ల అంతా కంప్యూటర్ నడిపిస్తది. నాకు తెల్వది తెల్వదనే చెప్తున్న."

అవతల స్టూలు మీద కూసున్న ఖాసిం ఉస్తాద్ గడ్డం నిమురుకున్నడు. "అన్ని బండ్లు నాతోని మాట్లాడ్తయి బేటీ. చెవి పెడితే చాలు. ఇదొక్కటే నోరు తెరుస్తలేదు. మా కొడుకు లతీఫ్ హైదరాబాద్‌ల పెద్ద వర్క్‌షాప్‌ల చేస్తడు, వానికి ఈ కంప్యూటర్ బండ్లు ఎరుకే. ఫోన్ కొట్టి అడుగు అమరూ."

"ఫోన్ నా కాడనే ఉన్నది. చౌరస్తాల ఎస్టీడీ బూతుల కూసునేది నేనే. రాండ్రి" అన్నది అండాలు.

అమరేందర్‌కు ఉన్నది ఒక్క తల్లి, భద్రమ్మ. మేళ్లచెరువు కాడ సిమెంటు ఫ్యాక్టరీ దిక్కు ఉంటది, ఆమెకు ఫోన్ లేదు. అందుకే ఆ బూతు మెట్లు వాడు ఎన్నడు ఎక్కలే. ఇన్ని దినాలు ఎంత నష్టపోయిండో వానికి అప్పుడు తెల్సింది.

అద్దాల డబ్బాల ఇద్దరు ఇరుక్కున్నరు. బయట వాన అద్దం మీద కారుతాంది. లతీఫ్ అవతల అరుస్తున్నడు, లైన్‌ల గరగర. వాడు అరిచినదంతా అండాలుకు గుడ వినవడుతనే ఉన్నది.

"స్టీరింగ్ కింద చిన్న డబ్బా ఉంటది, మూత తీయ్! పక్కపక్కన రెండు పిన్నులు చెప్త, వైరు ముక్కతోని కలుపు. తాళం తిప్పు, స్టార్ట్ చేయకు. మీటర్ల ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు ఉంటది చూడు, అది కన్ను కొడ్తది!"

"ఏం కొడ్తది?"

"కన్ను కొడ్తది రా! ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టు. మొదలు కొట్టేది పదులు, జర ఆగి కొట్టేది ఒకట్లు. గా నంబరే దాని బీమారి పేరు. ఒకటి, జర ఆగి రెండు వచ్చిందనుకో, బీమారి ఏం లేనట్టు. సమజయ్యిందా?"

"సమజయ్యింది."

"ఆయనకు కాలే గని నాకయ్యింది" అన్నది అండాలు మెల్లగ. అంత బాధల గుడ ఆమె పెదవి జర ఒంగింది. అమరేందర్‌కు లైన్ కట్టయిందని గుడ తెల్వలే, రిసీవర్ చెవికి అట్లనే పెట్టుకోని నిలబడ్డడు.

షెడ్డుకు వచ్చి కార్ల కూసున్నరు. వాడు డ్రైవర్ సీట్ల, ఆమె పక్క సీట్ల. వాని కాడ ఉన్న వైర్లన్ని లావువి, ఆ సన్న తొర్రలల్ల దూరుతలేవు. వాడు తంటాలు పడుతుంటే చూసి చూసి, అండాలు జడల నుంచి పిన్ను తీసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు వేళ్లు తగిలినయి. ఇద్దరు ఏం కానట్టే ఉన్నరు.

తాళం తిప్పిండు. పసుపు లైటు వెలిగింది, ఆరింది.

"ఒకటి" అన్నది అండాలు.

జర ఆగింది. మల్ల వెలిగి ఆరింది, వెలిగి ఆరింది.

"రెండు" అన్నది. ఆ మాట ఆమె నోట్లనే సన్నగిల్లింది.

"ఇంకోపారి చూద్దం" అన్నడు అమరేందర్. చూసిండ్రు. ఒకటి, జర ఆగి రెండు. తాళం తీసి మల్ల తిప్పిండ్రు. అదే. ఆ లైటు ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు చెప్పింది, బండికి ఏం లేదు, ఏం లేదు అని.

అండాలు పిన్ను తీసుకోని జడల పెట్టుకున్నది. "బండి మంచిగనే ఉన్నదంట" అన్నది.

"అట్లని కాదు..."

"మరెట్ల? నువ్వే చెప్పు."

వానికి ఏదన్న అబద్ధం చెప్పాలన్పించింది, ఆ పిల్ల మొఖం చూసి. చెప్పలేకపోయిండు. ఆమె దిగి వానల నడుచుకుంట పోయింది.

రెండొద్దులాగి అమరేందర్ బూతుకు పోయిండు.

"నంబర్ చెప్పు" అన్నది అండాలు తల ఎత్తకుండ.

"నంబర్ ఏం లేదు. మీ నాయిన ఎట్లున్నడో అడుగుదమని."

"లేడు."

వాడు దబ్బున బల్ల పట్టుకున్నడు. అది చూసి ఆమెనే అన్నది, "బతికే ఉన్నడు తియ్. ఆనాడు ఇంటికి పోయి అడిగిన. 'నిజం చెప్పు నాయినా, కలిపినవా?' అని. నన్నే చూసిండు. తిట్టలే, కొట్టలే. తెల్లారి లేసే సరికి లేడు. కొల్లాపూర్ అవతల మా సోమమ్మత్త ఊరికి పోయి గొర్లు కాస్తున్నడంట." చిల్లర డబ్బా మూత పెట్టింది. "తిట్టినా బాగుండు."

ఇగ అప్పటి సంది అమరేందర్‌కు పొద్దుమూకితే బూతు బెంచీ మీద కూసునుడు అలవాటైంది. చేసే ఫోన్ ఏం లేదు. ముసురు ఇడుస్తలేదు, గిరాకీ లేదు. రెండు చాయ్‌లు తెస్తడు, ఒకటి ఆమె ముంగట పెడ్తడు.

"ఎవరికి చెయ్యాలె?" అని అడుగుతది ఆమె.

"ఎవరికి వద్దు."

"అయితే బెంచీ ఎందుకు అరగదీస్తున్నవ్?"

"గట్టిదే తియ్, అంత తొందరగ అరగది."

"అన్నా, నువ్వు..."

"అన్నా అనకు."

"మరేమనాలె?"

"పేరున్నది కదా."

పేరు పెట్టి పిల్వలే ఆమె. మెకానిక్ అన్నది. అదే పదివేలనుకున్నడు వాడు. ఆమె ఒక్కోనాడు జర నవ్వేది, అంతల్నే యాదికొచ్చి మొఖం చిన్నగ చేసుకునేది. తండ్రిని పొమ్మన్నట్టు అడిగిన బిడ్డకు నవ్వే హక్కు లేదన్నట్టు ఉండేది ఆమె తీరు. వానికి చూసి చూసి పానం ఉసూరుమనేది.

ఐతారం నాడు లతీఫ్ ఇంటికొచ్చిండు. తండ్రిని చూద్దమని షెడ్డుకొచ్చి, ఒక జీపుకు టర్మినల్ ఊడదీస్తున్న అమరేందర్‌ను చూసి నిలబడ్డడు.

"అరే, ఆ తెల్ల కారుకు గుడ గిట్లనే తీసినవా?"

"తీసిన. ఉస్తాద్ రూలు కదా."

"లైటు లెక్క చూసుడు ముందా, టర్మినల్ తీసుడు ముందా?"

"తీసుడే ముందు. బండి రాంగనే తీసిన."

లతీఫ్ నెత్తి మీద చెయ్యి కొట్టుకున్నడు. "అరే పాగల్! దాని బీమారి అంతా యాదిల పెట్టుకునేదే బ్యాటరీ బలం మీద. తీస్తే మొత్తం మర్చిపోతది. నువ్వు అడిగే సరికి అది అప్పుడే పుట్టిన పిల్ల. ఒకటి రెండు కాకుంటే ఇంకేం చెప్తది? మా వర్క్‌షాప్‌ల మొదటి పాఠమే అది, లైటు చదివేదాక బ్యాటరీ ముట్టొద్దని. ఇక్కడ మొదలే తీస్తరని నాకు ఫోన్‌ల యాదికి రాలే."

ఖాసిం ఉస్తాద్ మెల్లగ స్టూలు మీద కూలబడ్డడు. "యా అల్లా, నా రూలు ఎవల కొంప ముంచింది!" అన్నడు.

అమరేందర్ చేతులు కడుక్కోకుండనే బూతుకు ఉరికిండు. లోపట ఎవడో గిరాకీ తన బామ్మర్దితోని పెద్ద గొంతుతోని కొట్లాడుతున్నడు, ఎంతకూ బయటికి రాడు. అమరేందర్ వానల నిలబడ్డడు. ఆ గిరాకీ బయటికొచ్చి పోయినంక లోపటికి పోయి, మొత్తం ఒక్క బిగిన చెప్పేసిండు.

అండాలు సంబురపడలే. "అంటే మా నాయిన తప్పు లేదన్నట్టా?"

"ఉన్నదో లేదో బండికి యాదికి లేదు. మల్ల అట్లనే నడపాలె. మల్ల ఆగితే, అప్పుడు నిజం చెప్తది."

"తుడిచింది నీ చేతులా?"

"నా చేతులే."

ఆమె వాని గ్రీజు చేతుల దిక్కు చూసింది. "నిన్ను మస్తు తిట్టబుద్ధయితాంది. గని ఏమని తిట్టాలె? నువ్వు బండి మాట నమ్మినవ్. నేను గుడ బండి మాటనే నమ్మిన. ఇంత పెంచినోని మాట నమ్మలే." అప్పుడు ఏడ్చింది. వలవల ఏడ్చింది. వాడు దగ్గరికి పోలేక, దూరం జరుగలేక, బెంచీ మీది ఖాళీ చాయ్ గ్లాసులు పట్టుకోని నిలబడ్డడు.

తెల్లారి బూతు మూసి కొల్లాపూర్ బస్సెక్కింది. వాడు గుడ ఎక్కిండు. కిటికీల నుంచి జల్లు కొడ్తాంది, అద్దం పడుతలేదు. వాడు తన తువ్వాల అడ్డం పట్టిండు. నాగర్‌కర్నూల్ దాటేదాక అట్లనే పట్టుకోని కూసున్నడు.

"చేతులు గుంజుతలేవా?" అన్నది.

"లేవు. అండాలూ, నాకు నువ్వంటే..."

"ఆగు." ఆమె బయటికే చూస్తాంది. "ఏం చెప్తవో నాకు ఎరుకే. బెంచీ మీద కూసున్న మొదటి నాడే ఎరుక. మా నాయిన మల్ల స్టీరింగ్ పట్టేదాక నాకు ఇంకో ముచ్చట చెప్పకు. వింటే నాకు ఇష్టమైతది. ఇష్టమైతే నా మీద నాకే అసహ్యమైతది."

అమరేందర్ మల్ల నోరు తెరువలే. తువ్వాల మాత్రం దించలే.

సోమమ్మ ఊరి అవతల, కృష్ణా నది దిక్కు ఉన్న గుట్ట వారకు దుర్గయ్య కనవడ్డడు. గొంగడి కప్పుకోని తడి రాయి మీద కూసున్నడు. చుట్టూ గొర్లు. వానల తడిసి నల్లగ అయిన మొఖం, మాసిన గడ్డం. డ్రైవర్ బట్టలల్ల ఎప్పుడు మడత నలగని మనిషి, అమరేందర్ గుర్తుపట్టనే లేదు.

అండాలు తండ్రి ముంగటికి పోయి నిలబడ్డది. దుర్గయ్యనే అన్నడు, "తిన్నవా బిడ్డా?" అని. ఆమె తలకాయ అడ్డం ఊపింది.

అమరేందర్ చెప్పవట్టిండు. టర్మినల్ ముచ్చట, లైటు ముచ్చట, తన చేతుల ముచ్చట, ఏది దాచలే. దుర్గయ్య అంతా విని, కర్రతోని మట్టిల గీత గీసిండు.

"నేను రాను బాబూ. అవ్వ నన్ను కొడుకా అని పిల్చేది. నేను తోలిన బండిలనే పోయింది. ఇంకేం తేల్తది?"

"డ్రైవర్ సాబ్, మీ పేరు కోసం రమ్మంటలేను. అవ్వ ఎందుకు పోవాల్సి వచ్చిందో ఎవలకన్న తెల్వాలె కదా. అది మీరు తోలితేనే తెలుస్తది. ఆనాడు ఎట్ల తోలిండ్రో మీకే ఎరుక."

దుర్గయ్య లేసి గొర్లను ఊరి దిక్కు మలిపిండు. ఇంటికొచ్చినంక గొంగడి తీసి సోమమ్మ చేతికిచ్చిండు.

అక్కడ జడ్చర్లల ఖాసిం ఉస్తాద్ తనే అంజయ్య మిల్లుకు పోయి నిలబడ్డడు. నా రూలుతోని సాక్ష్యం తుడిచిపెట్టిన, ఒక్కపారి బండి ఇయ్యి, నువ్వు గుడ అండ్ల కూసో అన్నడు.

"సాయబూ, పోయిన మా అమ్మ తిరిగొస్తదా?" అన్నడంట అంజయ్య.

"రాదు సేటూ. బతికున్నోడు ఒకడున్నడు, ఆయనన్న బతుకుతడు."

ఆ మాటకు అంజయ్య లేసి, సరే తీస్కపోదం అన్నడు.

ముసురు తెరిపిచ్చిన పొద్దు బయలెల్లిండ్రు. దుర్గయ్య స్టీరింగ్ ముంగట, పక్కన అంజయ్య, ఎన్క సీట్ల అమరేందర్, అండాలు. గుర్వమ్మను తీస్కపోయిన నాటి తీరుగనే ఏసీ పెట్టిండ్రు, అదే తొందర. రాజాపూర్ దాటింది. బాలానగర్ దాటింది. ఏం కాలే. షాద్‌నగర్ దాక పోయిండ్రు. ఇంజన్ గుయ్యిమని మంచిగ తిరుగుతనే ఉన్నది.

"చాలు. తిప్పు" అన్నడు అంజయ్య. దుర్గయ్య చెవుల పక్క చెమట కారుతాంది. అండాలు కండ్లు మూసుకున్నది. బండి ఆగాలె అని ఆమె అందరు దేవుళ్లకు మొక్కుతున్నదని అమరేందర్‌కు తెల్సు, వాడు గుడ గదే పని మీద ఉన్నడు.

తిరిగొచ్చేటప్పుడు, బాలానగర్ ఇంకా రాకముందే, ఇంజన్ సప్పుడు మాయమైంది. కారు తనంత తాను జారుకుంట పోయి రోడ్డు వారకు ఆగింది.

"గిట్లనే" అన్నడు దుర్గయ్య. "ఆనాడు గుడ గిట్లనే. సప్పుడు లేదు, ఏం లేదు. గిట్లనే ఆగింది."

మల్ల తిప్పి చూసిండు. తిరిగింది గని స్టార్ట్ కాలే.

"ఎవ్వరు బానెట్ ముట్టకుండ్రి!" అని అరిచిండు అమరేందర్. అండాలు అప్పటికే జడల నుంచి పిన్ను తీసింది. అమరేందర్ దిగి ముంగటికొచ్చి, స్టీరింగ్ కిందికి ఒంగి పిన్ను కలిపి, తాళం తిప్పమన్నడు.

పసుపు లైటు కన్ను కొట్టుడు మొదలైంది. అండాలు లెక్కపెట్టింది. ఆమె గొంతుతోని అంజయ్య గొంతు గుడ కలిసింది, వేళ్లు మడుస్తున్నడు.

"ఒకటి. రెండు. మూడు."

జర ఆగింది.

"ఒకటి."

మల్ల చూసిండ్రు. మూడు, ఆగి ఒకటి. అమరేందర్‌కు ఐతారం నాడు లతీఫ్ కూసోబెట్టి చెప్పిన నంబర్లన్ని నోటికొచ్చినయి ఇప్పుడు. "ముప్పై ఒకటి. ఇంజన్ తిరుగుతాందా లేదా అని కంప్యూటర్‌కు కబురు చెప్పే చిన్న తునక ఒకటుంటది సేటూ. క్రాంక్ సెన్సార్ అంటరు. అది పాడైంది. బాగ వేడెక్కితే కబురు బంద్ చేస్తది, బండి ఆగుతది. చల్లారితే మల్ల పనిచేస్తది."

"మరి పెట్రోలు పోస్తే ఎందుకు స్టార్టయింది ఆనాడు?"

"పెట్రోలుతోని పనే లేదు. జరసేపు కూసోండ్రి, మీకే కనవడ్తది."

కూసున్నరు. పక్కనుంచి లారీలు పోతున్నయి, నీళ్లు చిమ్ముతున్నయి. ఒక్క చుక్క పెట్రోలు పోయలే. ఎవ్వరు ఏది ముట్టలే. ఇంజన్ చల్లారినంక అమరేందర్ చెప్తే దుర్గయ్య తాళం తిప్పిండు. కారు ఒక్క దెబ్బకు స్టార్టయింది.

అంజయ్య మొఖం పాలిపోయింది. "అంటే నువ్వు పెట్రోలుకు పోయి వచ్చేదాక అది చల్లారిందన్నట్టు."

"అవును సేటూ" అన్నడు దుర్గయ్య. కారు ముంగటి అద్దంల నుంచే చూస్తున్నడు. "నేను ఏడికి పోకున్నా స్టార్టయ్యేదే. తెల్వకపాయె. తెలిస్తే అవ్వ చెయ్యి పట్టుకోని పక్కన కూసుంటుంటి."

అంజయ్య తలుపు తీసుకోని దిగిండు. కొంచెం దూరం నడిచి, రోడ్డుకు వీపు చేసి నిలబడి తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. చానాసేపటికి తిరిగొచ్చి కిటికీ కాడ నిలబడ్డడు. "శవం ముంగట అన్న మాట దుర్గన్నా. ఎట్ల వాపస్ తీసుకోవాల్నో నాకు తెల్వదు. మా ఇంటికి రా. ఆనాడు ఉన్నోళ్లందర్ని పిలుస్త, అందరి ముంగటనే అంట, నీది తప్పు లేదని" అన్నడు. దుర్గయ్య తల ఊపిండు. అంజయ్యకు ఇగ ఆ కార్ల కూసోబుద్ధి కాలే, ఎదురొచ్చిన బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కిపోయిండు.

ముగ్గురే మిగిలిండ్రు. అండాలు ఎన్క సీట్ల నుంచి దిగి తండ్రి పక్క తలుపు కాడికొచ్చింది.

"నాయినా, నేను నిన్ను అడగకుండా ఉండాల్సింది."

"నువ్వు అడిగినవని పోలే బిడ్డా." దుర్గయ్య బిడ్డ చెయ్యి పట్టుకున్నడు. "ఊరంతా ఎవ్వడు అడగలే, అందరు చెప్పిండ్రు. నువ్వొక్కదానివే అడిగినవ్. నేను కలపలేదని నాకు తెల్సు. మరి బండి ఎందుకాగిందంటే నా కాడ జవాబు లేకుండె. జవాబు లేనోడు బిడ్డ ముంగట ఎట్ల కూసుంటడు? గందుకు పోయిన."

ఆమె తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన గుడ ఏడ్చిండు. అమరేందర్ అక్కడ ఉండాల్నో పోవాల్నో తెల్వక బానెట్ లేపి, అండ్ల చూసేది ఏం లేకున్నా చూసుకుంట నిలబడ్డడు.

కొంచెంసేపటికి దుర్గయ్యనే పిల్చిండు. "ఇటు రా బాబూ. గింత తిరిగినవ్, బిడ్డ ఎంబడి కొల్లాపూర్ దాక వచ్చినవ్. నీకేం కావాలె?"

దాచి ఏం లాభం అనుకున్నడు వాడు. "మీ అండాలును చేసుకుంటా అని అడుగుదమనుకుంటున్న డ్రైవర్ సాబ్."

"నన్నెందుకు అడుగుతున్నవ్? ఆమె ఇక్కడనే ఉన్నది కదా."

అమరేందర్ ఆమె దిక్కు తిరిగిండు. బస్సుల తువ్వాల పట్టుకున్నప్పటి సంది మనసుల కూడబెట్టుకున్న మాటలన్ని ఏడికో పోయినయి. "అండాలూ, నన్ను చేసుకుంటవా?" అని మాత్రం అనగలిగిండు.

ఆమె ఓణీ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. "ఒక్క మాట. నాకు అనుమానమొస్తే నేను అడుగుత. అది నా తీరు, మారది. అడిగిననాడు చెప్పకుండ ఇల్లిడిసి గుట్టలు పట్టి పోవొద్దు."

స్టీరింగ్ ముంగట దుర్గయ్య తల దించుకోని, ఆ వారాలన్నిట్ల మొదటిపారి నవ్విండు.

"పోను" అన్నడు అమరేందర్. "జవాబు లేకున్నా ఇంట్లనే కూసుంట."

"అయితే మీ అమ్మను రమ్మను" అన్నది అండాలు.